యూరప్ ఉమ్మడి నిధులు: ప్రణాళిక ఎవరు రాస్తే రాజకీయం వారిది

2021 సెప్టెంబరు 27న పోలండ్ దక్షిణ భాగంలోని మవోపోల్స్కా ప్రాంతీయ సభ, రెండేళ్ల క్రితం తానే చేసిన ఒక తీర్మానాన్ని రద్దు చేసుకుంది. స్వలింగ సంపర్కుల, ట్రాన్స్‌జెండర్ల హక్కుల ఉద్యమాన్ని ఒక ప్రమాదకర భావజాలంగా చిత్రిస్తూ 2019లో ఆ సభ ఆమోదించిన తీర్మానం అది. దాన్ని వెనక్కి తీసుకోవాలన్న ప్రతిపాదన అంతకు నెల ముందు, ఆగస్టులో, అదే సభలో వీగిపోయింది. నెల తిరిగేలోపు సభ్యులు మారలేదు, మెజారిటీ పార్టీ మారలేదు. వచ్చిందల్లా యూరోపియన్ యూనియన్ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ నుంచి ఒక లేఖ. ఇలాంటి తీర్మానాలు చేసిన ఐదు ప్రాంతాలకు కోవిడ్ అనంతర సహాయం కింద అందవలసిన అదనపు నిధుల చర్చలను నిలిపివేస్తున్నామని, వివక్ష చూపే పాలనా సంస్థలకు యూనియన్ సొమ్ము ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవని దాని సారాంశం. మవోపోల్స్కా విషయంలో ప్రమాదంలో పడిన మొత్తం సుమారు 250 కోట్ల యూరోలని అప్పటి చర్చల్లో వినిపించిన లెక్క. ష్వెంతొక్షిస్కే ప్రాంతం ఐదు రోజుల ముందే తన తీర్మానాన్ని రద్దు చేసుకోగా, పొడ్కర్పాత్స్కీ, లూబ్లిన్ ప్రాంతాలు మవోపోల్స్కాతో పాటు అదే రోజు వెనక్కి తగ్గాయి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అప్పుడు వార్సాలోనూ, మవోపోల్స్కా రాజధాని క్రాకోవ్‌లోనూ అధికారంలో ఉన్నది ఒకే పార్టీ, లా అండ్ జస్టిస్. జాతీయ ప్రభుత్వం యూనియన్ కేంద్రమైన బ్రసెల్స్‌తో బాహాటంగా తలపడుతున్న సమయంలో అదే పార్టీ ప్రాంతీయ శాఖ దారి మార్చుకుంది. దీనికి కారణం పోలండ్‌లో ప్రాంతాల స్థాయి నిధులకు ప్రాంతీయ సభ ఎన్నుకునే మార్షల్ (ప్రాంత పాలనాధిపతి) కార్యాలయమే నిర్వహణ సంస్థ కావడం. ఒప్పందం మీద ఆ కార్యాలయం సంతకం ఉంటుంది కాబట్టి, నిబంధన ఉల్లంఘన జరిగితే జవాబు చెప్పుకోవలసిందీ, నష్టపోయేదీ ఆ కార్యాలయమే. యూరోపియన్ యూనియన్ డబ్బు ప్రాంతీయ రాజకీయాలను ఎలా మలుస్తుందో తెలుసుకోవాలంటే మొత్తాలు చూసి లాభం లేదని నా అభిప్రాయం. ప్రణాళిక ఎవరు రాస్తారు, సంతకం ఎవరు పెడతారు, ఏ సరిహద్దు గీసి పేదరికాన్ని లెక్క కడతారు అన్న మూడు విషయాల్లోనే రాజకీయమంతా ఉంది.

యూనియన్ బడ్జెట్ ఏడేళ్లకు ఒకసారి కుదిరే ఒప్పందం. 2021–2027 కాలానికి దాని పరిమాణం 2018 ధరల్లో 1,07,400 కోట్ల యూరోలు. వినడానికి పెద్ద మొత్తమే అయినా, సభ్యదేశాల ఉమ్మడి జాతీయాదాయంలో ఏటా దాదాపు ఒక శాతం మాత్రమే. అందులో సుమారు మూడో వంతు, అంటే ప్రస్తుత ధరల్లో 39,200 కోట్ల యూరోల వరకు, ప్రాంతాల మధ్య అంతరాలను తగ్గించడానికి ఉద్దేశించిన కొహీషన్ విధానానికి వెళుతుంది. 1975లో ప్రాంతీయ అభివృద్ధి నిధితో మొదలైన ఈ వ్యవస్థకు ఇప్పటి రూపం 1988లో, కమిషన్ అధ్యక్షుడిగా జాక్ డెలార్ ఉన్న కాలంలో వచ్చింది. అప్పుడు నిధులను రెట్టింపు చేయాలని నిర్ణయించడంతో పాటు, ప్రణాళికా రచనలో కమిషన్, జాతీయ ప్రభుత్వంతో సమానంగా ప్రాంతీయ పాలనా సంస్థలు కూడా కూర్చోవాలన్న భాగస్వామ్య సూత్రాన్ని చేర్చారు. ఆ ఒక్క సూత్రం వల్ల అంతవరకు జాతీయ రాజధాని గుమ్మం దగ్గర ఆగిపోయే ప్రాంతీయ నాయకులకు బ్రసెల్స్‌లో నేరుగా ఒక కుర్చీ దొరికింది.

పంపకం లెక్క చూడటానికి సరళంగా ఉంటుంది. దేశాలను గణాంకాల కోసం ప్రాంతాలుగా విభజిస్తారు. తలసరి ఉత్పత్తి యూనియన్ సగటులో 75 శాతానికి తక్కువ ఉన్నవి వెనుకబడిన ప్రాంతాలు, 75 నుంచి 100 శాతం మధ్య ఉన్నవి మధ్యంతర ప్రాంతాలు, ఆ పైవి అభివృద్ధి చెందినవి. వెనుకబడిన ప్రాంతంలో ఒక పనికి అయ్యే ఖర్చులో 85 శాతం వరకు యూనియన్ భరిస్తుంది. అభివృద్ధి చెందిన చోట అది 40 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగతాది దేశమో, ప్రాంతమో, పురపాలక సంఘమో వేసుకోవాలి. కేంద్ర ప్రాయోజిత పథకాల్లో రాష్ట్ర వాటా కోసం జరిగే పెనుగులాట తెలిసిన మన పాఠకులకు ఈ ఏర్పాటు అర్థం చేసుకోవడం కష్టం కాదు. నిర్ణీత గడువులోగా ఖర్చు చేసి బిల్లులు పెట్టుకోకపోతే కేటాయింపు రద్దవుతుందన్న నియమం కూడా దీనికి తోడుగా ఉంది.

75 శాతం అనే ఆ ఒక్క అంకె ఎంత రాజకీయాన్ని పుట్టించిందో ఐర్లండ్ ఉదంతం చెబుతుంది. 1990ల చివరికి ఐర్లండ్ ఆర్థికంగా ఎంతగా ఎదిగిందంటే, దేశం మొత్తాన్ని ఒకే ప్రాంతంగా చూస్తే వెనుకబడిన హోదా పోవడం ఖాయమైంది. దాంతో బర్టీ అహర్న్ ప్రభుత్వం దేశాన్ని గణాంకాల పరంగా రెండుగా విడదీయాలని తలపెట్టింది. పశ్చిమ, సరిహద్దు, మధ్య కౌంటీలు ఒకవైపు, డబ్లిన్ సహా మిగతావి మరోవైపు. కెర్రీ, క్లేర్ కౌంటీలను కూడా పేద విభాగంలో కలపాలని ప్రతిపాదించడం వెనుక, మైనారిటీలో ఉన్న ఆ ప్రభుత్వం దక్షిణ కెర్రీ నుంచి గెలిచిన జాకీ హీలీ-రే వంటి స్వతంత్ర సభ్యుల మద్దతు మీద నిలబడి ఉండటం ఉంది. యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ ఆ రెండు కౌంటీలను ఒప్పుకోలేదు. చివరికి 13 కౌంటీలతో పేద విభాగం ఏర్పడింది. తరువాత పోలండ్, హంగరీ, లిథువేనియా ఇదే బాట పట్టాయి. రాజధాని నగరం ఆదాయం చుట్టూ ఉన్న పల్లెల సగటును పైకి లాగేస్తోంది కాబట్టి రాజధానిని వేరు చేసి చూపించాయి. 2018 నుంచి అమల్లోకి వచ్చిన గణాంక విభజనలో బుడాపెస్ట్ ఒక ప్రాంతం, దాన్ని చుట్టుకొని ఉన్న పెస్ట్ కౌంటీ మరొక ప్రాంతం అయ్యాయి. వార్సాను కూడా అలాగే మజోవియాలోని మిగతా భాగం నుంచి వేరుగా లెక్కించారు. అయితే పోలండ్‌లో కథ అక్కడితో ఆగలేదు. కాగితం మీది విభజనను నిజమైన పాలనా విభజనగా మార్చాలని 2020లో అధికార పార్టీ ఆలోచన చేసింది. ప్రతిపక్షం చేతిలో ఉన్న మజోవియా ప్రాంతీయ ప్రభుత్వం అది తన అధికారాన్ని చీల్చే ప్రయత్నమని ఆరోపించింది. ఆ ఆలోచన కార్యరూపం దాల్చలేదు గానీ, నిధుల కోసం గీసిన గీత ఎన్నికల గీతగా మారడానికి ఎంత దూరం ఉంటుందో దాన్ని బట్టి తెలిసింది.

ఇది పాత దారి. 2020 జూలైలో రెండో దారి తెరుచుకుంది. కోవిడ్ దెబ్బకు ఇటలీ, స్పెయిన్ కుదేలైన ఆ వేసవిలో, జూలై 17 నుంచి 21 తెల్లవారుజాము వరకు సాగిన నేతల సమావేశం, యూనియన్ పేరు మీద మార్కెట్లో అప్పు చేసి 75,000 కోట్ల యూరోలు సమీకరించడానికి అంగీకరించింది. అందులో 39,000 కోట్లు గ్రాంటు, 36,000 కోట్లు రుణం. నెదర్లాండ్స్, ఆస్ట్రియా, స్వీడన్, డెన్మార్క్ గ్రాంటు భాగాన్ని తగ్గించాలని పట్టుబట్టడం వల్ల కుదిరిన లెక్క ఇది. ఇంత పెద్ద ఎత్తున ఉమ్మడి అప్పు అంతకు ముందెన్నడూ జరగలేదు కాబట్టి వార్తలన్నీ ఆ విషయం చుట్టూ తిరిగాయి. ప్రాంతాలకు అసలు ముఖ్యమైన మార్పు మాత్రం చెల్లింపు పద్ధతిలో వచ్చింది. ఇందులో అత్యధిక భాగమైన పునరుద్ధరణ నిధి, అయిన ఖర్చుకు బిల్లు చూసి డబ్బివ్వదు. ప్రతి దేశం సంస్కరణలు, పెట్టుబడులు కలిపి ఒక ప్రణాళిక రాసి, వాటికి మైలురాళ్లు, లక్ష్యాలు పెట్టుకుంటుంది. అవి నెరవేరినట్టు కమిషన్ తేల్చితే విడత విడుదలవుతుంది. లక్ష్యాలన్నీ 2026 ఆగస్టు 31 లోపు పూర్తి కావాలి, చెల్లింపులన్నీ అదే ఏడాది డిసెంబరు 31తో ముగియాలి.

ఈ పద్ధతిలో బ్రసెల్స్ బేరం ఆడేది ఒక్క జాతీయ ప్రభుత్వంతోనే. ప్రాంతీయ, స్థానిక సంస్థలతో జరిపిన సంప్రదింపుల సారాంశాన్ని ప్రణాళికలో చేర్చాలన్న షరతు ఉంది గానీ, వారి అంగీకారం అవసరం లేదు. తక్కువ సమయంలో, వేగంగా, ఒకే జవాబుదారీతనంతో పని జరగాలన్న ఆత్రుతలో ముప్పై ఏళ్లుగా కట్టుకుంటూ వచ్చిన భాగస్వామ్య సూత్రాన్ని పక్కన పెట్టారు. అత్యవసర పరిస్థితిలో అది సమర్థించుకోదగిన నిర్ణయమే. దాని ఫలితం ఏమిటో ఇటలీలో అందరికన్నా స్పష్టంగా కనిపించింది.

ఇటలీకి మొదట ఖరారైన మొత్తం 19,150 కోట్ల యూరోలు. ఇందులో కనీసం 40 శాతం దక్షిణాదికి చేరాలని చట్టం చేశారు. పర్యవేక్షణ బాధ్యత ప్రధాని కార్యాలయంలోని ఉన్నత స్థాయి మండలి తీసుకుంది. డబ్బు పంపిణీ మాత్రం చాలావరకు మంత్రిత్వ శాఖలు పోటీ ప్రకటనలు ఇవ్వడం, ప్రాంతాలు, పురపాలక సంఘాలు దరఖాస్తు పెట్టుకోవడం అనే పద్ధతిలో సాగింది. 2021 శరదృతువులో నీటిపారుదల పనుల కోసం వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఇచ్చిన ప్రకటనకు సిసిలీ 31 ప్రాజెక్టులు పంపింది. అన్నీ తిరస్కరణకు గురయ్యాయి. ఒక్కో దరఖాస్తులో నిర్దేశిత ప్రమాణాల్లో ఏదో ఒకటి లోపించిందని మంత్రిత్వ శాఖ చెప్పింది. ప్రాంతీయ ప్రభుత్వం ప్రమాణాల రూపకల్పననే తప్పుపట్టింది. ఎండలకు భూములు బీటలు వారే, కాలువల్లో వదిలిన నీరు దారిలోనే ఇంకిపోయే ఒక ద్వీపంలో, సరిగ్గా ఆ కాలువల కోసమే కేటాయించిన డబ్బు నుంచి ఆ విడతలో ఒక్క పనికీ ఆమోదం దొరకలేదు. అవసరం ఎక్కువ ఉన్న చోట దరఖాస్తు రాయగల ఇంజనీర్లు, గుమాస్తాలు తక్కువ ఉంటారన్న సంగతి పోటీ పద్ధతిని ఎంచుకున్నప్పుడే తెలిసి ఉండవలసింది. పొదుపు చర్యల పేరుతో ఏళ్ల తరబడి నియామకాలు ఆపేసిన పురపాలక సంఘాలను ఒక్కసారిగా కోట్ల పనులకు అంచనాలు సిద్ధం చేయమంటే జరిగేది అదే.

శిశు సంరక్షణ కేంద్రాల కథ ఇంకా బాధ కలిగిస్తుంది. దక్షిణాదిలో మూడేళ్లలోపు పిల్లలకు కేంద్రాలు అరుదు. తల్లులు ఉద్యోగాలకు దూరంగా ఉండటానికి అదొక ప్రధాన కారణం. ప్రణాళికలో శిశు, పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో 2,64,480 స్థానాలు కల్పిస్తామని లక్ష్యం పెట్టుకున్నారు. దక్షిణాది నుంచి దరఖాస్తులు చాలినన్ని రాకపోవడంతో 2022లో గడువు ఒకసారి పెంచి, మళ్లీ దక్షిణాది ప్రాంతాల కోసం తలుపు తెరవవలసి వచ్చింది. సిబ్బంది కొరత ఒక్కటే దీనికి కారణం అనుకోకూడదు. పునరుద్ధరణ నిధి భవనం కట్టిస్తుంది. ఆ భవనంలో రేపటి నుంచి పనిచేయవలసిన ఆయాలకు, ఉపాధ్యాయులకు జీతాలు పురపాలక సంఘమే ఇవ్వాలి. అప్పుల్లో ఉన్న చిన్న పట్టణపు మేయర్‌కు రిబ్బను కత్తిరించే రోజు కన్నా, తరువాతి పదేళ్ల జీతాల పట్టిక పెద్దగా కనిపించడం సహజం. జాతీయ బడ్జెట్ నుంచి కొంత నిర్వహణ సహాయం ఏర్పాటు చేసినా సందేహాలు పూర్తిగా తీరలేదు. చివరికి 2023 డిసెంబరులో సవరించిన ప్రణాళికలో ఆ లక్ష్యం 1,50,480కి దిగింది.

ఈ జాప్యాలు ఉత్తర, దక్షిణ ప్రాంతాల మధ్య పాత గాయాన్ని రేపాయి. దక్షిణాది ఖర్చు చేయలేకపోతే ఆ డబ్బు ఖర్చు చేయగలిగిన వారికి ఇవ్వాలని మిలాన్ మేయర్ జుసెప్పే సాలా, అప్పటి వెనెతో ప్రాంత అధ్యక్షుడు లూకా జాయా వంటి వారు వాదించారు. ఒకరు మధ్యేవామపక్షం, ఇంకొకరు లీగ్ పార్టీ. పార్టీలు వేరైనా ఉత్తరాది ప్రయోజనం దగ్గర మాట కలిసింది. 2023 జూలైలో జార్జా మెలోని ప్రభుత్వం సుమారు 1,590 కోట్ల యూరోల పనులను ప్రణాళిక నుంచి తప్పించి వేరే నిధులకు మార్చాలని ప్రతిపాదించింది. అందులో పెద్ద భాగం పురపాలక సంఘాలవే. అప్పటికే టెండర్లు పిలిచిన మేయర్లు, బారీ మేయర్ అంతోనియో దెకారో అధ్యక్షతన ఉన్న పురపాలక సంఘాల సమాఖ్య ద్వారా గొంతెత్తారు. అంతకు ముందే ఫ్లారెన్స్ ఫుట్‌బాల్ స్టేడియం మరమ్మతును, వెనిస్ క్రీడా సముదాయాన్ని ఈ నిధులతో చేపట్టడానికి కమిషన్ అభ్యంతరం చెప్పింది. బ్రసెల్స్ కాదన్నదాన్ని రోమ్ వదిలేసుకుంటే, ఓటర్లకు మాట ఇచ్చిన మేయర్ మధ్యలో నిలబడ్డాడు. ఈ మొత్తం వ్యవహారాన్ని రోమ్‌లో నడిపిన మంత్రి రఫాయెలే ఫిత్తో. ఆయన శాఖ కింద పునరుద్ధరణ నిధి, కొహీషన్ విధానం రెండూ ఒకే చేతికి వచ్చాయి.

స్పెయిన్‌లో తగాదా కోర్టు దాకా వెళ్లింది. నిధుల పంపకం విషయంలో వాలెన్సియా, బాస్క్, నవార్రా, ఎక్స్‌ట్రెమదురా ప్రాంతాలకు 90 లక్షల యూరోలు నేరుగా ఇచ్చిన ఉత్తర్వును సవాలు చేస్తూ 2021లో ఇసబెల్ దియాజ్ అయుసో నాయకత్వంలోని మాడ్రిడ్ ప్రాంత ప్రభుత్వం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. వేల కోట్ల మధ్య 90 లక్షలు లెక్కలోకి రావు. స్పెయిన్ ప్రధాని పెద్రో సాంచెజ్ ప్రభుత్వం తన మిత్రులకే పంచిపెడుతోందన్న ఆరోపణకు ఒక ఆధారం కావాలి, అది ఆ ఉత్తర్వులో దొరికింది.

జాతీయ ప్రభుత్వమే షరతులు ఉల్లంఘించినప్పుడు శిక్ష పడేది ఎవరికి అన్నది మరింత చిక్కు ప్రశ్న. పోలండ్ పునరుద్ధరణ ప్రణాళికకు 2022 జూన్‌లో ఆమోదం దొరికినా, న్యాయవ్యవస్థ స్వతంత్రత షరతులు నెరవేరకపోవడంతో డబ్బు కదలలేదు. 2023 డిసెంబరులో డొనాల్డ్ టస్క్ ప్రభుత్వం ఏర్పడి, న్యాయ సంస్కరణల కార్యాచరణ ప్రకటించాక, 2024 ఫిబ్రవరిలో కమిషన్ మొత్తం 13,700 కోట్ల యూరోల వరకు తలుపులు తెరిచింది. మధ్యలో నష్టపోయింది స్థానిక సంస్థలు. వాటిలో చాలా పెద్ద నగరాలు ప్రతిపక్షం చేతిలోనే ఉన్నాయి. యూరోపియన్ నిధులు ఆగిన ఆ కాలంలోనే లా అండ్ జస్టిస్ ప్రభుత్వం సొంత పెట్టుబడి నిధులు పెట్టి, అధికార పార్టీ నేతలు పెద్ద అట్టముక్క చెక్కులతో పట్టణాలకు వెళ్లి ఫోటోలు దిగే సంప్రదాయం తెచ్చింది. ఆ నిధుల పంపకంలో అధికార పార్టీకి అనుకూలమైన స్థానిక సంస్థలకు మొగ్గు కనిపించిందని పరిశీలకులు లెక్కలతో చూపించారు. నియమాలతో నడిచే యూరోపియన్ కార్యక్రమం ఒక ప్రతిపక్ష మేయర్‌కు ఎందుకు ప్రాణవాయువో ఇక్కడ బోధపడుతుంది.

ఈ సంగతి నలుగురు మేయర్లు ముందే పసిగట్టారు. బుడాపెస్ట్, వార్సా, ప్రాగ్, బ్రాటిస్లావా మేయర్లు 2019 డిసెంబరులో బుడాపెస్ట్‌లో ఒక ఒడంబడిక చేసుకుని, నగరాలకు యూనియన్ డబ్బు జాతీయ ప్రభుత్వాల మధ్యవర్తిత్వం లేకుండా నేరుగా రావాలని కోరారు. బుడాపెస్ట్ మేయర్ గెర్గే కరాచొనీకి అది అవసరం. 2022 డిసెంబరులో హంగరీకి చెందిన 630 కోట్ల యూరోల కొహీషన్ నిధులను చట్టబద్ధ పాలన నిబంధన కింద స్తంభింపజేశారు. మరుసటి ఏడాది ముగిసేలోపు వేరే షరతుల కింద ఆగిన 1,020 కోట్లు విడుదలయ్యాయి గానీ, స్తంభించిన వాటిలో 100 కోట్లకు పైగా 2024 చివరికి గడువు తీరి శాశ్వతంగా పోయాయి. తుది లబ్ధిదారుకు ఇస్తామన్న డబ్బును ప్రభుత్వం ఇచ్చి తీరాలని నిబంధన చెబుతుంది. అయితే కొత్త పనికి ఒప్పందమే జరగనప్పుడు ఏ లబ్ధిదారు ఏమని అడుగుతాడు? మేయర్లు కోరిన నేరు మార్గం ఇప్పటికీ చిన్న చిన్న పథకాలకే పరిమితం.

ఇంత డబ్బు పెట్టి యూనియన్ ఓట్లు సంపాదించుకుంటుందా అంటే, బ్రిటన్‌లో భాగమైన వేల్స్ లోయల్లోని బ్లైనౌ గ్వెంట్ లేదని చెప్పింది. 2002లో ఉక్కు కర్మాగారం మూతపడిన ఎబ్బు వేల్ పట్టణం అక్కడిదే. కళాశాల భవనం, రైలు మార్గం, విస్తరించిన రహదారి, అన్నిటి దగ్గరా నీలం జెండా ఉన్న ఫలకాలు నిలబెట్టారు. 2016 ప్రజాభిప్రాయ సేకరణలో ఆ ప్రాంతంలో 62 శాతం మంది యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటు వేశారు, వేల్స్‌లో అదే అత్యధికం. దాన్ని కృతఘ్నత అన్నవారు ఉన్నారు, ఆ మాట నాకు అన్యాయంగా తోస్తుంది. రోడ్డు బాగుపడింది, దాని మీదుగా వెళ్లి చేసే స్థిరమైన ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. ఆ డబ్బు విలువ వేల్స్ ప్రభుత్వానికి తెలిసొచ్చింది తరువాతే. యూరోపియన్ నిధుల కార్యక్రమాన్ని కార్డిఫ్‌లోని వేల్స్ ప్రభుత్వం నడిపేది. దాని స్థానంలో బ్రిటన్ మొత్తానికి లండన్ తెచ్చిన 260 కోట్ల పౌండ్ల నిధి, 2020 నాటి అంతర్గత మార్కెట్ చట్టం ఇచ్చిన అధికారంతో, కార్డిఫ్‌ను దాటుకుని నేరుగా స్థానిక కౌన్సిళ్లకు చేరింది. వికేంద్రీకరణలో తమకు సంక్రమించిన అధికారాన్ని లాక్కున్నారని వేల్స్ నేతలు నిరసించారు.

ఇప్పుడు ఇదే వాదం యూనియన్ అంతటా మొదలైంది. 2025 జూలై 16న కమిషన్ 2028–2034 కాలానికి దాదాపు రెండు లక్షల కోట్ల యూరోల బడ్జెట్ ప్రతిపాదించింది. అందులో 86,500 కోట్లు ప్రతి దేశానికి ఒక్కటే అయిన జాతీయ, ప్రాంతీయ భాగస్వామ్య ప్రణాళికల కిందికి వస్తాయి. ఇప్పటిదాకా వేరుగా ఉన్న కొహీషన్, వ్యవసాయ నిధులు రెండూ అందులో కలిసిపోతాయి. సుమారు 540 కార్యక్రమాల స్థానంలో 27 ప్రణాళికలు ఉంటాయి. చెల్లింపు పునరుద్ధరణ నిధి పద్ధతిలో, అంటే మైలురాళ్లు చేరినప్పుడు జరుగుతుంది. వెనుకబడిన ప్రాంతాలకు కనీసం 21,800 కోట్లు కేటాయిస్తామన్న హామీ ఉన్నా, ఆ హామీని అమలు చేసేది జాతీయ రాజధానే. 540 కార్యక్రమాల నిర్వహణలో ఉన్న కాగితాల భారం నిజమే, దాన్ని తగ్గించాలన్న కమిషన్ వాదనలో బలముంది. అయినా సిసిలీ కాలువల విషయంలో, దక్షిణాది శిశు కేంద్రాల విషయంలో ఎదురైన సమస్య కాగితాలను రోమ్‌కు తరలించడం వల్ల తీరలేదని ఇటలీ అనుభవం చెబుతోంది. రైతుకు ఇచ్చే సబ్సిడీ, ప్రాంతానికి ఇచ్చే పెట్టుబడి ఒకే సంచిలో ఉంటే, ట్రాక్టర్లతో రాజధానిని దిగ్బంధించగల రైతు సంఘాల ముందు ఒక మారుమూల ప్రాంతపు అధ్యక్షుడి మాట ఎంత చెల్లుతుందన్న భయం కూడా ప్రాంతాలకు ఉంది.

వ్యతిరేకత రావడంతో 2025 నవంబరులో కమిషన్ కొంత సడలింపు చూపింది. ప్రణాళికల తయారీలో ప్రాంతాల పాత్రను పరిశీలించే ఏర్పాటును, గ్రామీణ ప్రాంతాలకు కొంత శాతం కేటాయింపును ముందుకు తెచ్చింది. పరిశీలన ఒక మాట, సంతకం మరొక మాట. బడ్జెట్‌కు 27 ప్రభుత్వాల ఏకగ్రీవ ఆమోదం, యూరోపియన్ పార్లమెంటు సమ్మతి కావాలి. ప్రాంతాల కమిటీకి ఉన్నది సలహా ఇచ్చే అధికారం మాత్రమే. కోవిడ్ కాలపు ఉమ్మడి అప్పు తీర్చడం 2028లోనే మొదలై 2058 వరకు సాగుతుంది కాబట్టి, పంచుకోవడానికి మిగిలేది ఇంకా తగ్గుతుంది. రోమ్‌లో రెండు నిధులనూ ఒక చేతికి తెచ్చిన ఫిత్తో 2024 డిసెంబరు నుంచి కమిషన్ కార్యనిర్వాహక ఉపాధ్యక్షుడు. ఆయన శాఖ కొహీషన్, సంస్కరణలు. కొత్త ప్రణాళికల్లో ప్రాంతాలకు ఎంత చోటు ఉండాలో తేల్చే బేరంలో కమిషన్ తరఫున కూర్చునే వారిలో ఆయన ముఖ్యుడు.